పదకొండేళ్లు ఎక్కి దిగిన గుట్టలు: ఒక్కరోజు ట్రిప్‌కు ఏది మంచిది?

ఆదివారం పొద్దుగాల ఆరింటికి బయలుదేరాలి. చీకటి పడేలోపు ఇల్లు చేరాలి. సోమవారం డ్యూటీకి కాళ్లు సహకరించాలి. గుట్ట ఎక్కడమంటే నాకు ఈ మూడు షరతులూ ఉంటాయి. ఉద్యోగం పేరుతో ఆరేళ్లు మహబూబ్‌నగర్‌లో ఉన్నాను, ఇప్పుడు ఐదేళ్లుగా నల్లగొండలో ఉంటున్నాను. ఈ పదకొండేళ్లలో నెలకు ఒకటో రెండో ఆదివారాలు గుట్టల పాలయ్యాయి. మూడు జతల షూ అరిగాయి, ఒక ప్యాంటు చిరిగింది. ప్యాంటు సంగతి తర్వాత చెప్తాను.

మొదట్లో పేరు చూసి గుట్టను ఎంచుకునేవాణ్ణి. ఎవరో వీడియో పెట్టారంటే చాలు, ఆ వారం అక్కడికే. ఇప్పుడు చూసేవి రెండే. ఎండ ముదరకముందే గుట్ట కిందికి చేరగలనా? వెంట వచ్చేవాళ్లలో అందరికన్నా మెల్లగా నడిచే మనిషి దిగి రాగలడా? మా చిన్నమ్మ కొడుకు అమెరికాలోని డెన్వర్‌లో ఉంటాడు, చలికాలం వస్తే మంచు మీద స్కీయింగ్‌కు పోతాడు. వాళ్లదీ ఇదే గొడవ, లవ్‌లాండ్, వేల్ అనే రెండు స్కీయింగ్ చోట్లలో ఏది అని. "అన్నా, లవ్‌లాండ్ గంట దూరం, వేల్ రెండు గంటలు. వేల్ పెద్దది, పేరున్నది. కానీ ఆదివారం సాయంత్రం ఐ-70 రోడ్డు మీద వాపసు రావాలంటే ఏడుపొస్తది" అంటాడు. వాళ్లకు మంచు, మనకు ఎండ, అంతే తేడా.

భువనగిరితో మొదలుపెడతాను, ఎక్కువసార్లు ఎక్కింది దాన్నే. నల్లగొండ నుంచి కారులో గంటన్నర. హైదరాబాద్ వాళ్లకైతే యాభై కిలోమీటర్లే, సికింద్రాబాద్‌లో కాజీపేట వైపు రైలెక్కినా దిగొచ్చు. ఊరి మధ్యలో గుడ్డును నిలబెట్టినట్టు ఒకటే బండ, దాదాపు 500 అడుగుల ఎత్తు. దాని మీద కోట కట్టించింది పశ్చిమ చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడు. ఆయన బిరుదు త్రిభువనమల్లుడు, అందుకే త్రిభువనగిరి అన్నారు, అదే భువనగిరి అయింది. కోట్ల ఏళ్లుగా గ్రానైట్ బండ పైపొర ఉల్లిపొరలా ఊడుతూ వస్తే ఇట్లా నున్నగా, గుండ్రంగా తయారవుతుంది. చూడటానికి అందం, దిగేటప్పుడు గండం.

కింద సగం దాకా మెట్లు, దర్వాజలు, గోడల నీడ. చిన్న టికెట్ ఉంటుంది, మంచినీళ్ల సీసాలు కిందే కొనుక్కోవాలి. అసలు పరీక్ష పైసగంలో ఉంది. అక్కడ బండ ఏటవాలుగా బోసిగా ఉంటుంది, పట్టుకోవడానికి ఇనుప రెయిలింగే దిక్కు. పైకి చేరితే పాత మహలు గోడలు, బండలో తొలిచిన నీటి తొట్లు, చుట్టూ కనిపించినంత మేర పొలాలు. గాలి మాత్రం చెవుల్లో హోరున కొడుతుంది. 2014లో పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ మొదట తాడు పట్టుకుని బండలెక్కడం నేర్చుకున్నది ఇక్కడే. ఈ మాట చెప్తే మా ఇంట్లో పిల్లలు సగం దారిలో కూర్చోకుండా నడుస్తారు. ఐదారుసార్లు పనిచేసింది, ఇప్పుడు వాళ్లు కూడా తెలివి మీరారు.

ఇక ప్యాంటు సంగతి. ఆగస్టులో ఒక ఆదివారం, పైన ఉండగా తుంపర మొదలైంది. పది నిమిషాలే పడింది. బండ మీద నల్లటి మరకల్లా కనిపించేదంతా ఎండిన నాచు. ఎండినప్పుడు దాని మీద షూ పట్టు బాగానే ఉంటుంది, తడిస్తే సబ్బే. రెండడుగులు వేశాను, కుడికాలు జారింది. రెయిలింగ్ చేతికి అందేంత దూరంలో ఉన్నా ఆ క్షణంలో అది గుర్తుకు రాలేదు. చతికిలపడి, రెండు చేతులూ వెనక్కి ఆనించి, మడమలు తన్నిపట్టి, బడి పిల్లలు జారుడుబండ మీద దిగినట్టు జానెడు జానెడు దిగాను. వెనక కాలేజీ పిల్లలు నలుగురు నన్ను చూసి మొదట నవ్వారు, తర్వాత వాళ్లూ అట్లాగే కూర్చున్నారు. ఇంటికొచ్చి చూస్తే వెనక జేబు లేదు. ఆ ప్యాంటు గుడ్డతోనే మా ఆవిడ ఇప్పటికీ బండి తుడుస్తుంది, నాకు వినపడేలా.

ఇక్కడ రోప్‌వే వేస్తారన్న మాట చాలా ఏళ్లుగా నడుస్తోంది. మా నాన్నలాంటి వాళ్లకు పైదాకా పోయే యోగం అట్లాగే రావాలి, కాబట్టి నేను వద్దనను. కానీ భువనగిరి ఆదివారం పదకొండు తర్వాత ఇప్పటికే జాతరలా ఉంటుంది. ఏడున్నరకల్లా మొదటి మెట్టు మీద ఉంటే తొమ్మిదికి పైన, పదిన్నరకు కింద. తొమ్మిది దాటాక ఎక్కడం మొదలుపెట్టేవాళ్లను చూస్తే జాలేస్తుంది. బండ వేడి పట్టాక పైనుంచి ఒక ఎండ, కింది నుంచి ఒక ఎండ.

నల్లగొండ నుంచి దేవరకొండ ఇంకా దగ్గర. రేచర్ల పద్మనాయకుల కోట, చుట్టూ గుట్టల వరుస. కొత్తవాళ్లను తీసుకుపోతే భువనగిరి కన్నా ఇదే ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే జనం తక్కువ, దర్వాజ రాళ్ల మీద చెక్కిన బొమ్మలను తీరిగ్గా చూడొచ్చు. ఇబ్బంది దారితో వస్తుంది. వానలు పడ్డాక పొదలు అడ్డంగా పెరిగిపోతాయి. ఒకసారి అక్టోబర్‌లో తుమ్మముళ్లలో ఇరుక్కుని, ముక్కాలు గంట ఒకే గోడ చుట్టూ తిరిగాం. చివరికి మేకలు కాసే తాత ఒకాయన గోడ మీంచి చూసి, "అటెటు పోతున్రు బిడ్డా, అటు నేను గూడ పోను" అని దారి చూపించాడు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో పొదలు ఎండి దారి తెలుస్తుంది. ఏప్రిల్‌లో పోయాను ఒకసారి, మళ్లీ పోను. నలుగురికి ఆరు లీటర్ల నీళ్లు తీసుకుపోతే పదిన్నరకల్లా అయిపోయాయి.

రాచకొండకు రెండుసార్లే పోయాను, కాబట్టి పెద్దగా తీర్పులివ్వను. అదే రేచర్ల రాజుల రాజధాని. అది ఒక గుట్ట అనుకుని పోతే ఆగమవుతారు, బోలెడు గుట్టలు, మధ్యలో అడవి, సిమెంటు లేకుండా పెద్ద పెద్ద రాళ్లు పేర్చిన గోడలు. దుకాణం లేదు, ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. దారి తెలిసిన మనిషి లేకుండా ఒక్కరోజులో దాని అంతు చూడలేరు.

మహబూబ్‌నగర్ రోజుల్లో నా గుట్ట కోయిలకొండ. ముక్కాలు గంట దారి, అందుకే ఇష్టం. కుతుబ్‌షాహీల నాటి కోట, మెట్లెక్కుతుంటే ఏడు దర్వాజలు దాటాలి. ఏడు దర్వాజలంటే ఏడుసార్లు నీడన్నమాట. ఒక్కో దర్వాజ కింద రెండు నిమిషాలు నిలబడితే వీపు చల్లబడుతుంది, అందుకే ఎండ మొదలైనా ఈ గుట్ట మనిషిని సతాయించదు. మోకాళ్ల నొప్పులున్న మా పెద్ద సారు ఒకాయన నాలుగో దర్వాజ దాకా వచ్చి, అక్కడ తువ్వాల పరుచుకుని, మేము దిగేదాకా పేపర్ చదువుకునేవాడు. మధ్యలో ఆగిపోయినా ఏదో చూశామన్న తృప్తి ఇచ్చే గుట్ట ఇదొక్కటే. భువనగిరిలో సగంలో ఆగితే ఓడిపోయినట్టుంటుంది.

అక్టోబర్‌లో పోతే ఇంకో లాభం. పాలమూరు గుట్టల్లో సీతాఫలాల కాలం అది. పొద్దున దారి పక్కన గంపల్లో పెట్టి అమ్ముతారు. కన్ను విచ్చిన కాయ, అంటే తొక్క మీది కళ్ల మధ్య గీతలు తెల్లబడ్డ కాయ కొంటే రెండు రోజుల్లో పండుతుంది. ఒకసారి పండినవి కొని సంచిలో అడుగున పెట్టాను. పైకి చేరేసరికి టిఫిన్ డబ్బా, టోపీ, ఫోన్ చార్జర్ అన్నీ గుజ్జులో తడిశాయి. ఉప్మా మాత్రం బాగుందన్నారు మావాళ్లు.

పానగల్ ఖిల్లాది వేరే కథ. వనపర్తి దగ్గరి పానగల్ అది. హైదరాబాద్ నుంచి రావాల్సిన మిత్రుడు ఫోన్‌లో 'పానగల్' అని కొట్టి, మ్యాప్ ఎటు చూపితే అటు పోయాడు. మేము గుట్ట కింద తొమ్మిదింటి దాకా చూశాం. ఫోన్ చేస్తే, "గుట్ట ఏది? ఇక్కడ గుడి ఉన్నది" అన్నాడు. నల్లగొండ పక్కనున్న పానగల్‌లో, ఛాయా సోమేశ్వరాలయం ముందు నిలబడ్డాడు పాపం. పగలంతా గర్భగుడి వెనక గోడ మీద స్తంభం నీడ కదలకుండా పడే గుడి అది. మేము ఎండలో వాడిపోతుంటే ఆయన నీడను చూస్తూ సాయంత్రం దాకా హాయిగా గడిపాడు. మీరు మాత్రం మ్యాప్‌లో 'వనపర్తి' అని కలిపి కొట్టండి. ఖిల్లా ఎక్కుడు గట్టిదే. మహబూబ్‌నగర్ నుంచి గంటన్నర, అలవాటు లేనివాళ్లకు మొదటి గుట్టగా ఇది వద్దు.

పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఉంటే ఈ కోటలన్నీ పక్కనపెట్టి అచ్చంపేట దగ్గర ఉమామహేశ్వరం పోండి. గుట్ట చరియ కిందే గుడి, శ్రీశైలానికి ఉత్తర ద్వారమంటారు. బండల్లోంచి ఊరే నీళ్లు, మిట్టమధ్యాహ్నం కూడా నీడ. కోతులకు మాత్రం మీ సంచిలో ఏముందో మీకన్నా ముందే తెలుస్తుంది. అదే నల్లమలలో ఉన్న సలేశ్వరం గురించి చాలామంది అడుగుతారు. అది మనకు వీలున్న ఆదివారం పోయేది కాదు, ఏడాదికొకసారి చైత్ర పౌర్ణమి జాతర రోజుల్లోనే దారి తెరుస్తారు. "వత్తన్నం వత్తన్నం లింగమయ్యో" అంటూ వేలమందితో నడవాలి. అది యాత్ర.

ఒక్కటే పోగలిగితే ఏది అంటే, అలవాటున్నవాళ్లకు చలికాలం భువనగిరి, కలగూరగంప గుంపుకు కోయిలకొండ. దేవరకొండ నా సొంత ఇష్టం, దాన్ని మీ మీద రుద్దను.

ఇంత చెప్పానా, నిరుడు నేను ఎక్కువసార్లు ఎక్కింది వీటిలో ఏదీ కాదు. ఆరింటికి అలారం మోగుతుంది, ఆపేసి పడుకుంటాను, లేచేసరికి ఎనిమిది. అప్పుడిక మా ఊళ్లోని లతీఫ్ సాహెబ్ గుట్టే గతి. పెట్రోలు ఖర్చు లేదు, సద్ది కట్టుకునే పని లేదు. పైన దర్గా దగ్గర కూర్చుంటే ఎదురుగా కాపురాల గుట్ట, రెండింటి మధ్యలో మా ఊరు. జాగ్రత్తగా చూస్తే మా ఇంటి మీది నల్ల నీళ్లట్యాంకు కనిపిస్తుంది. మోటరు బంద్ చేయడం మర్చిపోయిన రోజున, అది నిండి పొర్లడం కూడా.