రెసొల్యూమ్ ఎరీనాతో నాలుగేళ్లు

గుంటూరు, విజయవాడ కాలేజీ ఫెస్టుల్లో రాక్ బ్యాండ్ల వెనక ఎల్‌ఈడీ తెర మీద విజువల్స్ నడపడం నా పని. నాలుగేళ్లుగా దీనికి రెసొల్యూమ్ ఎరీనా అనే సాఫ్ట్‌వేరే వాడుతున్నాను. నేను కొన్నప్పుడు 799 యూరోలు. మనలాంటివాళ్లకి పెద్ద మొత్తమే, కానీ నెలనెలా కట్టే బాధ లేదు. కొత్త వెర్షన్లు మాత్రం ఏడాది వరకే ఇస్తారు. కొనకముందే డెమోలో అన్నీ నేర్చుకోవచ్చు, కాకపోతే తెర మీద వాటర్‌మార్క్ పడుతుంది. బ్రాడీపేటలో మా మేడ మీద గదిలో ఆరు నెలలు అలాగే సాధన చేశాను.

మా దగ్గర చాలామంది డ్రమ్మర్లు క్లిక్ (చెవిలో వేగం చెప్పే టిక్ టిక్ శబ్దం) లేకుండా వాయిస్తారు. చరణంలో నింపాదిగా నడిచిన పాట కోరస్ వచ్చేసరికి పరుగందుకుంటుంది. ముందే ఎడిట్ చేసి తెచ్చిన వీడియో అక్కడే వెనకబడిపోతుంది. ఇందులో తాళానికి తగ్గట్టు ట్యాప్ బటన్ నొక్కితే, సింక్‌లో (పాట వేగంతో కలిపి) పెట్టిన క్లిప్పులన్నీ ఆ వేగాన్ని అందుకుంటాయి.

నాకు ప్రాణం మాత్రం శబ్దాన్ని బొమ్మకు ముడివేయడం. మొదట్లో ల్యాప్‌టాప్ మైకు వాడితే జనం ఈలలకి కూడా తెర ఊగిపోయేది. ఇప్పుడు సౌండ్ ఇంజనీర్‌ని బతిమాలి మిక్సర్ నుంచి కిక్ డ్రమ్ (కాలి పెడల్‌తో కొట్టే పెద్ద డ్రమ్) లైన్ ఒక్కటే విడిగా తీసుకుంటాను. దానికి ఒక ఎర్రటి వలయం సైజును కలిపాను. పెడల్ మీద కాలు పడగానే వలయం ఉబ్బుతుంది, తర్వాత మెల్లగా దిగుతుంది. ఆ దిగే వేగం కుదరడానికే రెండు రిహార్సళ్లు పట్టింది. మరీ త్వరగా దిగితే కళ్లు లాగుతాయి, ఆలస్యంగా దిగితే తర్వాతి దెబ్బ కనిపించదు.

ఒక షోకి ఫైళ్లన్నీ మామూలు వీడియోల్లో ఉండే హెచ్.264 ఫార్మాట్‌లోనే పట్టుకెళ్లాను. ఒకదాని మీద ఒకటిగా మూడు లేయర్లు కలిపేసరికి బొమ్మ ఆగి ఆగి నడిచింది. గాయకుడు వెనక్కి తిరిగి చూసిన చూపు ఇంకా మరిచిపోలేదు. అప్పటినుంచి ప్రతి క్లిప్పునీ రెసొల్యూమ్ వాళ్లదే ఆలీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వాళ్ల సొంత ఫార్మాట్ డీఎక్స్‌వీలోకి మారుస్తున్నాను. వాటిని విప్పే పని గ్రాఫిక్స్ కార్డు చూసుకుంటుంది. ఫైళ్లు బాగా పెద్దవవుతాయి, మంచి ఎస్‌ఎస్‌డీ ఉండాల్సిందే.

తెర అద్దెకిచ్చేవాళ్లని అడుగుల లెక్క కాదు, పిక్సెళ్ల లెక్క అడగండి. అర మీటరు చదరం ఉన్న 3.91 ఎంఎం (పిక్సెల్‌కీ పిక్సెల్‌కీ మధ్య దూరం) ప్యానెల్‌కి 128 × 128 పిక్సెళ్లు. ఆరు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు తెరంటే 1536 × 768. క్లిప్పులు ఆ కొలతలోనే చేసుకుంటే అంచులు తెగవు. చీకటి పడ్డాక బ్రైట్‌నెస్ తగ్గించమని కూడా చెప్పండి, లేకపోతే గాయకుడి ముఖం నల్లటి నీడలా మిగులుతుంది.

గుంటూరులో మొన్న ఒక పాట చివరి కోరస్‌కి ముందు నాలుగు బార్ల (తాళం ఆవర్తాల) సేపు తెర మొత్తం ఆర్పేశాను. గ్రౌండంతా చీకటి. గిటార్ కూడా ఆగింది. పిల్లలే గొంతెత్తి పాడారు. కిక్ పడగానే వలయం వెలిగితే, ఆ ఎర్రటి వెలుగులో చేతులన్నీ ఒక్కసారిగా పైకి లేవడం కన్సోల్ దగ్గర నుంచి చూశాను.