బాల్సా టవర్లకు ఏ జిగురు? ఏడేళ్లు మూడింటినీ వాడాక

నా బల్ల మీద రెండు విరిగిన టవర్లున్నాయి, బరువు మోసే పోటీ కోసం బాల్సా అనే తేలిక కర్రపుల్లలతో కట్టినవి. రెండూ మా పిల్లలు కట్టినవే. ఒకే డ్రాయింగు, ఒకే షీటులోంచి కోసిన పుల్లలు. ఒకదాన్ని సూపర్ గ్లూతో అతికించారు. అది విరిగిన చోట పుల్ల చివర నున్నగా, గాజుపెంకులా మెరుస్తుంటుంది. జిగురు పొర అలాగే ఉంది, అవతలి పుల్ల మాత్రం టప్పున ఊడొచ్చింది. రెండోదాన్ని వడ్రంగి జిగురుతో అతికించారు. అక్కడ అతుకు ఊడలేదు. అతుకు పక్కనున్న కర్రే పోగులు పోగులుగా చీలింది, ఆ పోగులు ఇప్పటికీ అవతలి పుల్లను పట్టుకునే ఉన్నాయి. ఏ జిగురు కొనాలి సార్, సూపర్ గ్లూనా, వడ్రంగి జిగురా, రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీనా అని అడిగిన ప్రతి ఒక్కరికీ ముందు ఈ రెండు ముక్కలూ చేతిలో పెడతాను.

నల్లగొండలో ఇంజినీరింగ్ పిల్లలతో ఏడేళ్లుగా ఈ పని చేయిస్తున్నాను. మేం వెళ్లే పోటీల్లో లెక్క ఒకటే: టవరు మోసిన బరువును టవరు సొంత బరువుతో భాగిస్తారు. మొదటిది 13.8 గ్రాములుండి 9.6 కిలోల దగ్గర కూలింది, అంటే తన బరువుకు సుమారు 696 రెట్లు. రెండోది 14.4 గ్రాములుండి 12.9 కిలోలు మోసింది, 896 రెట్లు. 0.6 గ్రాము బరువెక్కువైనా గెలిచింది అదే. ఒక్క జతను చూసి తీర్పు చెప్పకూడదని ఆ తర్వాత కూడా ప్రతి ఏడూ విరిగిన అతుకులన్నీ దాచి భూతద్దం పెట్టి చూస్తూ వచ్చాను. నా మాట మారలేదు. బరువు మోసే అతుకులన్నిటికీ వడ్రంగి జిగురే.

జిగురు సంగతికి ముందు కర్ర గురించి రెండు మాటలు. బాల్సా మన చెట్టు కాదు, దక్షిణ అమెరికాది. ఎక్కువ సరుకు ఈక్వడార్ నుంచే వస్తుంది. నిర్మల్ బొమ్మల పొనికి కర్ర చేత్తో పట్టి చూసినవాళ్లకు తేలిక కర్ర అంటే ఏమిటో తెలుసు, ఇది దానికన్నా తేలిక. అయితే షాపులో ఒకే కట్టలో ఉన్న షీట్లన్నీ ఒకటి కావు. 3 మిల్లీమీటర్ల మందం, 10 సెంటీమీటర్ల వెడల్పు, మీటరు పొడవున్న షీట్లు రెండు తూకం వేస్తే ఒకటి 30 గ్రాములు, ఇంకొకటి 55 తూగింది. అంటే ఘనమీటరుకు 100 కిలోలు ఒకటి, 183 కిలోలు ఇంకొకటి. చూడటానికి రెండూ కవలలే. అందుకే హైదరాబాదుకు కర్ర కోసం వెళ్లినప్పుడల్లా చిన్న డిజిటల్ తూకం జేబులో పెట్టుకుపోతాను. షాపతను మొదట్లో విచిత్రంగా చూసేవాడు, ఇప్పుడు నేను రాగానే కట్ట విప్పి ముందు పెడతాడు. నొక్కుడు పడే నిలువు కాళ్లకు బరువు షీటు, అడ్డపుల్లలకు తేలిక షీటు తీసుకుంటాను.

ఇక సూపర్ గ్లూ. పిల్లలందరికీ మొదటి ప్రేమ దీనిమీదే. అయిదు రూపాయల ట్యూబు ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతుంది, పది సెకండ్లలో పడుతుంది. కానీ ఇది ఆరి గట్టిపడే జిగురు కాదు, గాలిలోని, కర్రలోని తేమ తగిలి గట్టిపడేది. మా ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో గాలి పెళపెళలాడుతుంటుంది. ఆ రోజుల్లో జిగురు పట్టడం లేటవుతుంది, పట్టలేదని పిల్లలు ఇంకో చుక్క వేస్తారు, దానిమీద ఇంకోటి. చివరికి అతుకు చుట్టూ తెల్లటి బూజులాంటిది తేలి, బరువు పెరిగి, బలం మాత్రం రాదు. అలాంటప్పుడు అతుకు మీద నోటితో ఒక్కసారి 'హా' అని ఊదితే చాలు, ఆ ఆవిరికే పట్టేస్తుంది. వానాకాలంలో ఈ బాధ లేదు, అప్పుడు మరీ తొందరగా పట్టి సర్దుకునే టైమే ఇవ్వదు.

దీని అసలు లోపం పెళుసుతనం. టవరుకు వేలాడదీసిన బకెట్లో నిదానంగా ఇసుక పోస్తే కాసేపు మోస్తుంది. బకెట్ ఒక్కసారి ఊగిందా, పక్కకు తగిలే ఆ చిన్న దెబ్బకే ఊడిపోతుంది.

ఒకసారి నా కళ్ల ముందే జరిగింది. అతుకు మీద పొంగిన జిగురును ఒక పిల్లవాడు దూదితో తుడవబోయాడు. రెండు సెకండ్లలో దూది పొగలు కక్కింది, వేళ్లు చుర్రుమన్నాయి. 'సార్, దూది అంటుకున్నది!' అని కేకేసి కింద పడేశాడు. నూలు, దూది తగిలితే ఈ జిగురు ఒక్కసారిగా గట్టిపడుతూ బాగా వేడెక్కుతుంది. అప్పటినుంచి ఆ బల్ల దగ్గరికి దూది, పాత బనీను గుడ్డ రానివ్వను. వేళ్లు అతుక్కుంటే లాగొద్దు, గోళ్లరంగు తుడిచే అసిటోనో, గోరువెచ్చటి సబ్బునీళ్లో చాలు. ఇంకోటి, డ్రాయింగును థర్మాకోల్ షీటు మీద పరిచి గుండుసూదులు గుచ్చే అలవాటు చాలామందికి ఉంది. సూపర్ గ్లూ చుక్క కారితే థర్మాకోల్ కరిగి గుంట పడుతుంది, టవరు అందులోకి వాలుతుంది. మేం కార్క్ పలక వాడి, డ్రాయింగు మీద బటర్ పేపర్ పరుస్తాం.

అయినా దీన్ని పూర్తిగా మానలేదు. పుల్లలు డ్రాయింగు మీద కదలకుండా అక్కడక్కడా తాత్కాలికంగా ఆపడానికి, పోటీ పొద్దున పగుళ్లొస్తే పల్చటి గ్లూను సందులోకి పాకించడానికి దీన్ని మించింది లేదు.

వడ్రంగి జిగురు, అంటే మనం ఏ కంపెనీదైనా ఫెవికాల్ అనే పిలిచే తెల్ల జిగురు, నిదానస్తుడు. అరగంట కదపకూడదు, పూర్తి బలానికి 24 గంటలు ఇవ్వాలి. కానీ నీళ్లతో కలిసి కర్ర లోపలికి దిగి పోగులను పట్టుకుంటుంది. పైగా అందులో సగం నీళ్లే, ఆరాక ఆ బరువు మిగలదు. జిగురు పెట్టిన రాత్రి 15.1 గ్రాములున్న టవరు మర్నాడు పొద్దున 14.4కి దిగింది.

ఎంత పెట్టాలన్నదే అసలు పని. సీసా మూతితో నేరుగా పిండితే అతుకు చుట్టూ ముద్దలు కడుతుంది. ఈ చిక్కు మా పిల్లలే విడదీశారు. గోరింటాకు కోన్ చుట్టినట్టు పాలిథిన్ కవరుతో చిన్న కోన్ చుట్టి, జిగురు నింపి, కొనను సూదిమొనంత కోస్తారు. ఆవగింజంత చుక్క ఎక్కడ కావాలంటే అక్కడే పడుతుంది. పుల్ల అడ్డంగా కోసిన చివర జిగురును స్పాంజిలా పీల్చేస్తుంది, కాబట్టి అక్కడ ముందు పల్చగా ఒక పూత వేసి, రెండు మూడు నిమిషాలు ఆగి, అసలు చుక్క పెట్టాలి. ఈ ఒక్క అలవాటుతో మా అతుకులు ఊడటం సగానికి సగం తగ్గింది. మే నెలలో మాత్రం ఫ్యాన్ ఆపి చేయండి, లేకపోతే పుల్ల పెట్టేలోపే జిగురు పైన మీగడ కట్టేస్తుంది.

తెల్ల జిగురు ఒక ఏడు నన్ను దెబ్బకొట్టింది. మేలో హైదరాబాదు పోటీకి పోతూ నార్కట్‌పల్లిలో టీకి ఆగాం. అద్దాలు మూసిన కారు ఎండలో ఇరవై నిమిషాలుంది. టవరు పెట్టె మీద ఎవరో బ్యాగు పెట్టారు. తిరిగొచ్చి మూత తీస్తే టవరు విరగలేదు, కానీ పక్కకు వాలి ఉంది. వేడికి జిగురు మెత్తబడి అతుకులు మెల్లగా జారాయి. ఆ పోటీలో దాన్ని నిలబెట్టలేకపోయాం. దాన్ని కట్టిన నలుగురూ తిరుగుదారిలో ఒక్క మాట మాట్లాడలేదు, నాకు ఇప్పటికీ ఆ ప్రయాణం గుర్తే. అప్పటినుంచి ముఖ్యమైన అతుకులకు టైట్‌బాండ్ లాంటి పసుపు వడ్రంగి జిగురు తెప్పిస్తున్నాను. ఖరీదెక్కువ, కానీ వేడిని మెరుగ్గా తట్టుకుంటుంది, ఉప్పుకాగితంతో రుద్దినప్పుడు బంకలా సాగదు. ఏడాదికి ఒక్క చిన్న సీసా సరిపోతుంది.

ఎపాక్సీకి మా దగ్గర ఒక్కటే చోటు: బరువు వేలాడే బోల్టు కింద పెట్టే గట్టి కర్ర ముక్క. రెండు ట్యూబులూ సమంగా కలపాలి, అయిదు నిమిషాల రకం మే ఎండలో మూడు నిమిషాలకే గడ్డకడుతుంది. గ్రాము పెడితే గ్రామూ అలాగే మిగులుతుంది, అందుకే అన్ని అతుకులకూ వాడితే టవరు కాదు, బండరాయి అవుతుంది.

ఏ జిగురైనా సందు పూడుస్తుందని నమ్మి పుల్లలు కోస్తే మాత్రం మూడూ మోసం చేస్తాయి. ఇది నాకు నేర్పింది పుట్టపాక దగ్గరి నేత ఇంటి నుంచి వచ్చిన ఒక అమ్మాయి. ఇంట్లో ఆసు పోసి (నూలును మేకులకు వరుసగా చుట్టి), చిటికి కట్టిన (రంగు అంటకూడని చోట నూలుకు ముడులు వేసిన) చేతులు. మిగతావాళ్లు గంటలో ఇరవై అతుకులు వేస్తే తను ఆరు వేసేది. పుల్ల చివరను ఉప్పుకాగితం మీద రెండుసార్లు రుద్దడం, వెలుతురుకు ఎత్తి చూడటం, మళ్లీ రుద్దడం. 'ఇంకా ఎంతసేపు బిడ్డా?' అంటే, 'వెలుగు కనవడుతున్నది సార్, గది పోయినంక పెడతా' అనేది. అతుకులోంచి వెలుగు కనిపించనంత దగ్గరగా కూర్చుంటే ఆవగింజలో సగం జిగురు చాలు. తన టవరు కూలినప్పుడు ఒక్క అతుకూ ఊడలేదు, మధ్య కాలు విల్లులా వంగి విరిగింది. అది జిగురు తప్పు కాదు, కాలు పొడవు తప్పు. ఆధారం లేని పొడవును సగం చేస్తే కాలు వంగకుండా నాలుగు రెట్లు మోస్తుంది. తర్వాతి టవరులో అక్కడ ఒక అడ్డపుల్ల చేర్చింది.

వానాకాలం పోటీలకు ఇంకో చిక్కు. బాల్సా గాలిలోని తేమ తాగుతుంది. మేలో 14.1 గ్రాములున్న టవరు జూలైలో ఏమీ చేయకుండానే 14.9 తూగింది. భాగించే సంఖ్య పెరిగితే మార్కు పడిపోతుంది. ఇప్పుడు గాలి చొరని స్వీట్ల డబ్బాలో, కొత్త చెప్పుల పెట్టెల్లోంచి పిల్లలు దాచి తెచ్చిన, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు పది వేసి, ముందురోజు రాత్రే టవరును అందులో పెడతాం. డబ్బా ఒళ్లో పెట్టుకునే బస్సెక్కుతాం. పోటీ హాల్లో మూత తీసేది తూకం దగ్గర మా పేరు పిలిచాకే.