బండ ఎక్కడానికి ముందు నట్లు కొనాలా, క్యామ్‌లా?

భువనగిరి కోటబండ మీద శిక్షణ పొంది వచ్చిన మన వరంగల్ పిల్లలకు ఎదురయ్యే ప్రశ్న ఇది. తాడు తగిలించడానికి ముందే బిగించిన బోల్టులు లేని బండ మీద, మనం పడితే తాడును ఆపేది నెర్రెలో మనం పెట్టిన సామానే.

నట్ అంటే నెర్రెలో ఇరికించే, ఉక్కు వైరు చివరి అల్యూమినియం ముక్క. క్యామ్‌కు స్ప్రింగు రెక్కలుంటాయి. మీట లాగి పెట్టి వదిలితే రెక్కలు విచ్చుకుని పట్టుకుంటాయి.

ఖర్చు: ఒక మంచి క్యామ్ డబ్బుతో దాదాపు ఒక నట్ల సెట్టే వస్తుంది.
బరువు: నట్లే తేలిక.
శ్రమ: క్యామ్ ఒంటిచేత్తో పెట్టొచ్చు. నట్‌కు కిందికి సన్నబడే చోటు వెతికి, గట్టిగా గుంజి చూడాలి.
చోటు: అంచులు సమానంగా ఉన్న నెర్రెలో నట్ జారిపోతుంది, క్యామ్ నిలుస్తుంది.

ప్రమాదం సంగతి నిదానంగా చూడండి. తాడు కదలికకు క్యామ్ లోపలికి నడిచి ఇరుక్కోవచ్చు, నట్ పైకి లేచి ఊడొచ్చు. రెండింటికీ తాడుకూ మధ్య పొడవు స్లింగ్ (పట్టీ) వేస్తే మేలు. మన గ్రానైటు పొరలు పొరలుగా లేస్తుంది. పొర వెనక పెట్టిన క్యామ్, మనం పడ్డప్పుడు రెక్కలతో ఆ పొరనే బయటికి నెడుతుంది. పిడికిలితో కొట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే అక్కడ రెండూ వద్దు.

క్యామ్‌కు దుమ్ము సరిపడదు, కడిగి ఆరబెట్టాలి. చరిత్ర తెలియని పాత క్యామ్ ఎంత చవకైనా నేను కొనను.

నేర్చుకుంటూ, అనుభవజ్ఞుల వెనక ఎక్కేవారికి నట్ల సెట్టు, ఇరుక్కున్న నట్‌ను ఊడదీసే నట్ కీ చాలు. సమాన నెర్రెల్లో తామే ముందు ఎక్కేవారు వాటికి తోడు వేలి మందం నుంచి పిడికిలి మందం దాకా మూడు నాలుగు క్యామ్‌లు తీసుకోవాలి.