సార్కాయిడోసిస్‌కు సీడీ4/సీడీ8 పరీక్ష: ఎంతవరకు నమ్మొచ్చు?

సార్కాయిడోసిస్ అంటే ఊపిరితిత్తుల్లాంటి అవయవాల్లో రోగనిరోధక కణాలు చిన్న గడ్డలు కట్టే జబ్బు. బ్రాంకోస్కోపీలో, అంటే శ్వాసనాళాల్లోకి సన్నని కెమెరా గొట్టం పంపి, ఊపిరితిత్తిని సెలైన్‌ (ఉప్పునీరు)తో కడిగి, తిరిగొచ్చిన ద్రవంలో సీడీ4, సీడీ8 అనే రెండు రకాల రోగనిరోధక కణాలను లెక్కించి వాటి నిష్పత్తి చూసే పరీక్ష ఇది. మంచి పరీక్షే, కానీ ఒంటరిగా నిలబడదు.

దీని బలమంతా జబ్బు తీరులోనే ఉంది. ఏదో యాంటిజెన్‌ను (శరీరం పరాయిదిగా చూసే పదార్థం) మాక్రోఫేజ్‌లు (అలాంటివాటిని మింగే కణాలు) చూపించగానే సీడీ4 టీ కణాలు అక్కడ గుమిగూడి ఇంటర్ఫెరాన్ గామా అనే సంకేత రసాయనాన్ని విడుదల చేస్తాయి. దాంతో మాక్రోఫేజ్‌లు ఎపిథెలాయిడ్ కణాలుగా మారి, ఒకదానికొకటి అతుక్కుని గ్రాన్యులోమా అనే చిన్న గడ్డ కడతాయి. సీడీ8 కణాలు తక్కువ సంఖ్యలో, ప్రధానంగా దాని అంచున ఉంటాయి. అందుకే నిష్పత్తి 3.5 దాటితే సార్కాయిడోసిస్ అనుమానం గట్టిపడుతుంది. దాటకపోతే మాత్రం జబ్బు లేదనుకోకండి. సుమారు సగం మందిలో అది పెరగదు. వయసుతో మామూలుగానే పెరుగుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

ఫలితం చెడేది ఎక్కువగా నమూనా దగ్గరే. మొత్తం 100 నుంచి 300 మిల్లీలీటర్ల సెలైన్‌ను విడతలుగా ఎక్కించి, కనీసం 30 శాతం తిరిగి రాబట్టాలి. తక్కువొస్తే అది గాలి గదుల సంగతి కాదు, శ్వాసనాళాల సంగతే చెబుతుంది. రక్తం కలిసినా లెక్క తప్పుతుంది. సెలైన్‌లో ఉన్న కణాలు త్వరగా చెడిపోతాయి కాబట్టి గంటలోపు ల్యాబ్‌కు చేరాలి.

రిపోర్టులో నిష్పత్తి ఒక్కటే ఇచ్చే ల్యాబ్ వద్దు. లింఫోసైట్ల (సీడీ4, సీడీ8 కణాలు చేరే తెల్ల కణాల రకం) శాతం కూడా అడగండి. 15 దాటితేనే నిష్పత్తికి బరువు. పొగతాగేవారిలో మాక్రోఫేజ్‌లు పెరిగి ఈ శాతం తగ్గి కనిపిస్తుంది, ఆ అలవాటు ముందే చెప్పాలి. క్షయ, ఫంగస్ పరీక్షలు ఇదే ద్రవంతో చేయించవచ్చు. బయాప్సీ అవసరమా కాదా అన్నది డాక్టరు స్కాన్‌తో కలిపి తేల్చాల్సిందే.