18 ఏళ్లు తరగతిలో వాడి చూసిన అభ్యసన సిద్ధాంతాలు

ఉపాధ్యాయ శిక్షణలో పరీక్ష కోసం బట్టీపట్టిన అభ్యసన సిద్ధాంతాలను 18 ఏళ్లుగా ఆరు, ఏడు తరగతుల గణిత బోధనలో వాడుతున్నాను. మొదట్లో అవి పాఠ్యపథకంలో నింపవలసిన గళ్లు మాత్రమే. పాఠం ఎలా చెప్పాలో తెలుసుకోవడానికి కంటే, పిల్లలు చేసిన తప్పును చదవడానికే అవి ఎక్కువ అక్కరకు వస్తాయని గ్రహించడానికి నాకు మూడు నాలుగేళ్లు పట్టింది.

ముందుగా, పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశీలించిన మనస్తత్వవేత్త పియాజె. 11 ఏళ్ల ప్రాంతంలో అమూర్త ఆలోచన మొదలవుతుందని ఆయన గీసిన గీత తరగతిలో అంత కచ్చితంగా నిలబడదు. నిష్పత్తులను అలవోకగా చేసే అమ్మాయే రుణసంఖ్యల దగ్గరికి వచ్చేసరికి వేళ్లు లెక్కపెట్టుకోవడం చాలాసార్లు చూశాను. అయితే సాంశీకరణం (కొత్తదాన్ని పాత చట్రంలో ఇముడ్చుకోవడం), అనుగుణ్యం (కొత్తదానికి తగ్గట్టు చట్రాన్నే మార్చుకోవడం) అన్న జంట మాత్రం రోజూ పనికివస్తుంది. ఒక అబ్బాయి 0.4 కంటే 0.35 పెద్దదని రాశాడు. ఎందుకని అడిగితే, "నాలుగు కన్నా ముప్పై అయిదు పెద్దది కదా సార్" అన్నాడు. పూర్ణసంఖ్యల్లో తననెన్నడూ మోసగించని నియమాన్నే దశాంశాల్లోకీ తెచ్చుకున్నాడు, అంటే కొత్త విషయాన్ని పాత చట్రంలో ఇముడ్చుకున్నాడు. జవాబు చెప్పి దిద్దిస్తే ఆ చట్రం చెక్కుచెదరదు. 100 గళ్ల కాగితాలు రెండు ఇచ్చి, ఒక్కో సంఖ్యకు తగినన్ని గళ్లకు రంగు వేయమన్నాను. మొదటిదాంట్లో 40 గళ్లు నింపి, రెండోదాంట్లో 35 దగ్గర పెన్సిలు ఆపి, కాసేపు రెండు కాగితాల వంకా మార్చి మార్చి చూశాడు. ఆ కాసేపూ నోరు మెదపకుండా నిలబడటం నాకు నేర్పినందుకు పియాజెకు రుణపడి ఉన్నాను.

వైగాట్‌స్కీ చెప్పిన సమీప వికాస మండలం, అంటే పిల్లవాడు సొంతంగా చేయలేకపోయినా కాస్త సాయంతో చేయగలిగిన పరిధి, ఒక్క పిల్లవాడితో కూర్చున్నప్పుడు అద్భుతంగా పనిచేస్తుంది. 40 మంది ముందు నిలబడితే ఒకరి మండలం మరొకరికి ఎప్పుడో ముగిసిన పాఠం. ఆ తాత్కాలిక సాయానికి ఆయన పేరుతో అందరూ వాడే 'ఊతం' అన్న మాట నిజానికి 1976లో వుడ్, బ్రూనర్, రాస్ రాసిన వ్యాసంలోనిది. ఊతం ఇవ్వడం సులువే, ఎప్పుడు తీసేయాలన్నదే ఇప్పటికీ నాకు పూర్తిగా పట్టుబడలేదు.

స్కిన్నర్ చెప్పిన పునర్బలనం, అంటే బహుమతి లాంటివాటితో ఒక ప్రవర్తనను బలపరచడం, విషయంలో తప్పు నాదే. అదనపు లెక్క చేసినవారికల్లా నక్షత్రం ముద్ర వేయడం మొదలుపెట్టాను. నెల తిరగకముందే, అంతకుముందు కఠినమైన లెక్కలను వెతుక్కుని చేసినవారు కూడా పుస్తకంలో అతి సులువైన లెక్క చూపించి "దీనికి నక్షత్రం ఉందా సార్?" అనసాగారు. బొమ్మలు వేయడం ఇష్టమున్న పిల్లలకు ముందే బహుమతి ఆశపెడితే తరవాత వారు తమంతట తాము బొమ్మలు వేయడం తగ్గిందని 1973లోనే లెప్పర్, గ్రీన్, నిస్బెట్ చూపించారని ఆలస్యంగా చదివాను. ఇప్పుడు ముద్రలు ఎక్కాల అభ్యాసానికే పరిమితం, ఎందుకంటే అక్కడ పోగొట్టుకోవడానికి ఇష్టం అంటూ పెద్దగా ఉండదు.

పెట్టిన శ్రమకు అన్నిటికన్నా ఎక్కువ తిరిగి ఇచ్చింది ఎబ్బింగ్‌హాస్ 1885లో తన మీద తానే చేసుకున్న ప్రయోగాల నుంచి వచ్చిన విస్మృతి వక్రరేఖ, అంటే నేర్చుకున్నది రోజులు గడిచేకొద్దీ ఎలా మరిచిపోతామో చూపే గీత. చదివినదాన్ని మళ్లీ చదవడం కంటే, చూడకుండా గుర్తుతెచ్చుకున్నదే వారం తరవాత ఎక్కువగా నిలుస్తుందని 2006లో రోడిగర్, కార్పికె చేసిన ప్రయోగం దీనికి తోడయింది. రోజూ పీరియడు మొదట్లో నిన్నటి పాఠం నుంచి ఒకటి, పోయిన వారం నుంచి ఒకటి, పోయిన నెల నుంచి ఒకటి చొప్పున లెక్కలు ఇస్తాను. మార్కులు ఉండవు, నోటుపుస్తకం తెరవకూడదు. మొదటి పదిహేను రోజులు నెల కిందటి లెక్క దగ్గర తరగతి మొత్తం తెల్లమొహం వేస్తుంది. అక్కడ బెదిరి మానేయకూడదు.

దృశ్య, శ్రవణ, చలన అభ్యాసకులంటూ పిల్లలను విడదీసే శైలుల సిద్ధాంతం మీద ఒక ఏడాది వృథా చేశాను. శైలికి తగ్గట్టు బోధిస్తే బాగా నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం లేదని 2008లో పాష్లర్ బృందం తేల్చింది.

ఒక్క ఫిర్యాదు మాత్రం మిగిలింది. నాకు శిక్షణలో ఇచ్చిన పుస్తకాల్లో పావ్‌లోవ్ కుక్క, థార్న్‌డైక్ పిల్లి, కోహ్లర్ చింపాంజీ బొమ్మలన్నీ ఉన్నాయి. తప్పులతో నిండిన ఒక పిల్లవాడి నోటుపుస్తకం పేజీ ఒక్కటీ లేదు.