నెల్లూరులో ఏడు వందల క్యాలరీల ప్యాకేజీ: మా అక్కతో పాటు వెళ్లి చూసి రాస్తున్న రివ్యూ

నెల్లూరులో వెయిట్ లాస్ సెంటర్ల బోర్డులు ఇప్పుడు ఎటు చూసినా కనిపిస్తున్నాయి. వాటిలో ఒకదాంట్లో మా అక్క చేరింది. నేనే బండి మీద దించి తీసుకొచ్చేదాన్ని కాబట్టి లోపల ఏం చెప్తారో, ఏం ఇస్తారో అంతా దగ్గరుండి చూశాను. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇలాంటి ప్యాకేజీనే ఒంగోల్లో మా పిన్ని కూతురికి కూడా అమ్మారు, అంటే ఇది ఒక్క చోట జరిగేది కాదు.

బాగున్నవి ముందు చెప్తా. స్టాఫ్ మర్యాదగా మాట్లాడతారు, హాలు శుభ్రంగా ఉంటుంది, ఎక్కువసేపు కూర్చోబెట్టరు, పొద్దున్నే వాట్సాప్‌లో ఈరోజు ఏం తాగాలో మెసేజ్ వచ్చేస్తుంది. బరువు కూడా తగ్గింది. చాలా తగ్గింది, అందులో అబద్ధం ఏమీ లేదు.

ఇక తిండి. పొద్దున పొడి కలిపి చేసిన ఒక షేక్, మధ్యాహ్నం కూరగాయల సూప్, కీరదోస ముక్కలు, సాయంత్రం గుప్పెడు మొలకలు, రాత్రి మళ్లీ షేక్, అంతే. అన్నం లేదు, ఇడ్లీ లేదు, చేపల పులుసు మాటే ఎత్తకూడదు. పొడి డబ్బా మీద ఉన్న అంకెలు చూసి కూడితే రోజుకు ఏడు వందల క్యాలరీలు దాటడం లేదు. ఎనిమిది వందలు, అంతకంటే తక్కువ ఇచ్చే తిండిని వెరీ లో క్యాలరీ డైట్ అంటారు, అది డాక్టర్ కనిపెట్టుకుని ఉండి చేయించాల్సిన వైద్యం. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దగా ఒళ్లు కదలని పని చేసే ఆడవాళ్లకు రోజుకు దాదాపు 1,660 క్యాలరీలు కావాలి. అందులో సగం కూడా పెట్టకుండా మనిషిని రోజంతా ఇంటి పని, ఆఫీసు పని చేసుకోమంటున్నారు.

మొదటి వారం బరువు చూసే మెషిన్ మీద అంకె గబగబా పడిపోయింది. "ఫ్యాట్ ఎలా కరుగుతోందో చూశారా మేడమ్" అంది సెంటర్‌లో సలహాలిచ్చే కౌన్సెలర్. ఆ వారం పోయేదాంట్లో ఎక్కువ భాగం నీళ్లు. లివర్‌లో, కండరాల్లో గ్లైకోజెన్ అని చక్కెర నిల్వ ఉంటుంది, ఒక్కో గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీరు అంటిపెట్టుకుని ఉంటుంది, తిండి ఆపగానే ముందు అది ఖర్చవుతుంది. మళ్లీ అన్నం తిన్న రోజు అదే వెనక్కి వస్తుంది. ఈ ముక్క అక్కడ ఎవరూ చెప్పలేదు.

చెప్పులు తీసి నిలబడితే చిన్న స్లిప్పు వస్తుంది కదా, ఆ మెషిన్ గురించి కూడా చెప్పాలి. బరువు, కొవ్వు శాతం, కండ, బీఎంఆర్ (ఊరికే పడుకుని ఉన్నా శరీరం ఖర్చు చేసే క్యాలరీలు) అని వరసగా ఉంటాయి. అక్క స్లిప్పులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే కొవ్వుతో పాటు కండ కూడా దిగుతోంది, బీఎంఆర్ కూడా దిగుతోంది. అడిగితే "అది మామూలే మేడమ్, బరువు చూడండి" అన్నారు. ఇంకో సంగతేంటంటే ఆ మెషిన్ బీఎంఆర్‌ను కొలవదు, ఒంట్లోంచి చిన్న కరెంటు పంపి కండ ఎంతో అంచనా వేసి, సూత్రం పెట్టి లెక్క కడుతుంది. నిజంగా కొలవాలంటే మనిషి పీల్చే ఆక్సిజన్, వదిలే కార్బన్ డయాక్సైడ్ కొలిచే పరికరం కావాలి. శరీరం తనంతట తాను ఖర్చు తగ్గించుకుంటే ఆ లెక్కకు తెలియదు, కాబట్టి అసలు తగ్గుదల స్లిప్పులో కనిపించినదానికంటే ఎక్కువే ఉండొచ్చు.

మాకు అది ఇంట్లోనే తెలిసిపోయింది. రోళ్లు పగిలే రోహిణి ఎండల్లో, ఊరంతా ఉడికిపోతుంటే, "ఫ్యాన్ ఆపవే, చలేస్తోంది" అనేది అక్క. చేతులు పట్టుకుంటే చల్లగా ఉండేవి. తిండి బాగా తగ్గితే థైరాయిడ్ హార్మోన్‌లో చురుకైన టీ3 తగ్గుతుంది, ఆకలిని అదుపులో ఉంచే లెప్టిన్ పడిపోతుంది, ఆకలి పెంచే గ్రెలిన్ పెరుగుతుంది. కరువొచ్చిందనుకుని శరీరం ఖర్చు తగ్గించుకుంటుంది. దీనివల్ల బరువు తగ్గడమే ఆగిపోతుందని కొందరు అంటారు, అది సరికాదు, తగ్గుతూనే ఉంటుంది. కానీ ఒళ్లు చిన్నదైనందుకు తగ్గాల్సినదానికంటే ఖర్చు ఇంకా ఎక్కువగా తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. ప్యాకేజీ అయిపోయాక మనిషి ఈ రెండింటితో ఒంటరిగా తంటాలు పడాలి.

అమెరికాలోని మిన్నెసోటాలో 1944-45లో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు సగం తిండి పెట్టి చూశాడు. వాళ్లకు ఎప్పుడూ చలి, నీరసం, ఇరవై నాలుగు గంటలూ తిండి ధ్యాసే. తర్వాత ఇష్టం వచ్చినంత తినమని వదిలేస్తే ఎంత తిన్నా తృప్తి లేక కొందరు విపరీతంగా తిన్నారు. ఆ సగం తిండి అంటే రోజుకు దాదాపు 1,570 క్యాలరీలు, మా అక్కకు ఇచ్చినదానికి రెండింతలు! అలాంటిది, ప్యాకేజీ అయ్యాక బరువు తిరిగొచ్చినప్పుడు అక్క మొహం మీదే "మీరే కంట్రోల్ చేసుకోలేదు మేడమ్" అన్నారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఆ మాటే. ఆమె తప్పు ఏముంది అందులో?

చేరేటప్పుడు "బ్రిటన్‌లో ఇలాగే చేసి షుగర్ పోగొట్టారు" అని చెప్పారు. ఆ పరిశోధన నిజమే, డైరెక్ట్ అని పేరు, 2017 చివర్లో మొదటి ఏడాది ఫలితాలు వచ్చాయి. రోజుకు 825 నుంచి 853 క్యాలరీలు, మూడు నుంచి అయిదు నెలలు, ఏడాదికి 46 శాతం మందికి షుగర్ అదుపులోకి వచ్చి మందులు అక్కర్లేకపోయాయి. అయితే అక్కడ చేరిన రోజే షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు డాక్టర్లు ఆపించారు, మామూలు తిండిని వారాల మీద మెల్లగా మళ్లీ అలవాటు చేశారు, తర్వాత కూడా నెలనెలా చూశారు. అక్క బీపీ మాత్ర వేసుకుంటుంది. ఆ సంగతి ఫారంలో రాసింది, ఎవరూ చదవలేదు. ఒకరోజు వంటింట్లో కళ్లు తిరిగి గట్టు పట్టుకుని కింద కూర్చుండిపోయింది. డాక్టర్ దగ్గరకు తీసుకెళ్తే తిండి ఇంత తగ్గినప్పుడు మాత్ర డోసు కూడా చూసుకోవాలి కదమ్మా అని మమ్మల్నే కోప్పడ్డారు.

మూడో నెలలో జుట్టు ఊడటం మొదలైంది, దువ్వెన నిండా వచ్చేది. అంత వేగంగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్లు పడే ప్రమాదం కూడా ఉంది, అదృష్టం కొద్దీ స్కానింగ్‌లో ఏమీ లేదు.

అమెరికాలో ఒక టీవీ పోటీలో బాగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. వాళ్ల శరీరం విశ్రాంతిలో ఖర్చు చేసేది, ఉండాల్సినదానికంటే సగటున రోజుకు 500 క్యాలరీలు తక్కువ ఉంది. వాళ్లు గంటల తరబడి వ్యాయామం కూడా చేశారు కాబట్టి అందరికీ అంతే అవుతుందని నేను అనను. అసలు ఇలాంటిది ఉందని డబ్బు కట్టేముందు చెప్పాలా వద్దా?

ఇప్పుడు అక్క డాక్టర్, డైటీషియన్ ఇద్దరి సలహాతో నడుస్తోంది. రెండు ఇడ్లీ, గుడ్డు, మధ్యాహ్నం కొలిచిన అన్నంలో చేప ముక్కలు, పప్పు, సాయంత్రం ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో నడక, ఇంట్లో చిన్న డంబెల్స్. కండ నిలబడాలంటే ప్రొటీన్, బరువులెత్తడం రెండూ కావాలన్నారు. నెలకు కిలో, కిలోన్నర మించి తగ్గడం లేదు కానీ చలి పోయింది, జుట్టు ఊడటం తగ్గింది.

సెంటర్‌కు అయిదుకు ఒకటిన్నర ఇస్తాను, అది శుభ్రతకు, స్టాఫ్ మర్యాదకు. చేరాలనుకునేవాళ్లు రోజుకు ఎన్ని క్యాలరీలు, ఎంత ప్రొటీన్ ఇస్తారో కాగితం మీద రాయించుకోండి, చూసే డాక్టర్ ఎవరో, ప్యాకేజీ అయ్యాక ఏం చేయిస్తారో అడగండి. మాకు ఆ తర్వాతి భాగాన్ని మెయింటెనెన్స్ అని వేరే డబ్బుకు అమ్మజూపారు. పొడి డబ్బాలకు విడిగా వసూలు చేశారు, సీలు తీయని రెండు డబ్బాలు తిరిగిస్తామంటే తీసుకోలేదు, మధ్యలో మానేసినా డబ్బు వెనక్కి రాదని రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉంది, కట్టేముందు అది తిప్పి చదవండి.