పొద్దున బండికి ఓరుగల్లు: పదకొండేళ్ళ తర్వాత నా మాట

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో పని నాది. 2014 నుంచి నెలకోసారైనా వరంగల్ వెళ్తుంటాను. ఎనుమాముల మార్కెట్లో సరుకు చూడడం, కోల్డ్ స్టోరేజీలో ఉన్న మా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎలా ఉన్నాయో చెయ్యి పెట్టి చూడడం, సాయంత్రానికి తిరిగి రావడం. పొద్దున బండి, సెకండ్ సిట్టింగ్, ఎడమ వైపు కిటికీ. ఎడమే ఎందుకంటే విజయవాడ చేరే ముందు కృష్ణ దాటేటప్పుడు ప్రకాశం బ్యారేజీ అటే కనిపిస్తుంది. బండి వేళలు, టికెట్టు ధర మీ ఫోన్లోనే ఉంటాయి, వాటి జోలికి పోను. నాకు చెప్పాలని ఉన్నది ఒక్క సంగతే. వరంగల్ స్టేషన్‌కి కాకతీయుల కోట ఎంత దగ్గరో!

మన వైపు పాత రాజధానులు చాలావరకు రైలుకి అందవు. అమరావతి, ధరణికోటలకి బస్సులో పోవాలి. కొండవీడుకి సొంత బండి ఉంటేనే సుఖం. వేంగి రాజుల పెదవేగికి ఏలూరులో దిగి మళ్ళీ ఆటో మాట్లాడుకోవాలి. వరంగల్‌లో అలా కాదు. స్టేషన్ బయట ఆటో ఎక్కితే పది నిమిషాల్లో కాకతీయుల తోరణాల ముందు ఉంటాం. ఒక జాగ్రత్త మాత్రం: కాజీపేట దాకా పోకుండా ముందొచ్చే వరంగల్‌లోనే దిగాలి. మొదటిసారి పని తొందరగా అయిపోయి, బండికి రెండు గంటల టైము మిగిలితే ఊరికే వెళ్ళాను. చేతికి ఇంకా మిర్చి ఘాటు వదల్లేదు, ఎదురుగా ఆ నల్లరాతి తోరణం. ఇంటికొచ్చాక రెండు రోజులు అదే చెప్పుకున్నాను.

అప్పటినుంచి అడిగిన వాళ్ళందరికీ, అడగని వాళ్ళకీ, "ఒక్క పూట చాలు, పొద్దున వెళ్ళి రాత్రికి రావచ్చు" అని చెప్తూ వచ్చాను. 2024 ఆగస్టు ఆఖరు దాకా అదే మాట మీద ఉన్నాను.

ఆ ఆగస్టు 31 శనివారం. పని ముగిసేసరికి వాన ఎత్తిపోస్తోంది. రేపు పోదాంలే అని స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగాను. తెల్లారి సంచి భుజాన వేసుకుని కిందికి వస్తే, వాకిట్లో తల తుడుచుకుంటున్న ఆటో అతను నన్ను చూసి, "యాడికి పోతవన్నా? బండ్లు నడుస్తలేవు. కేసముద్రం కాడ పట్టాల కింద మట్టి కొట్టుకపోయింది" అన్నాడు. ఫోన్ తీసి చూస్తే నిజమే. కేసముద్రం, ఇంటికన్నె మధ్య కంకర మొత్తం కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడుతున్న ఫొటోలు. ఇటు విజయవాడ దగ్గర రాయనపాడు స్టేషన్ నీళ్ళలో ఉంది. ఖమ్మంలో మున్నేరు ఊళ్ళోకి వచ్చేసింది. బస్సులో పోదామంటే నందిగామ దగ్గర హైవే మీద కూడా వరదే.

అన్నిటికంటే పెద్ద టెన్షన్ మా అక్క వాళ్ళది. ఉండేది విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో. బుడమేరు వాగు నీళ్ళు ఇంట్లోకి వచ్చాయని, అందరం మేడ మీదకి ఎక్కామని ఒక్కసారి ఫోన్ చేసి చెప్పింది. తర్వాత ఫోన్ కలవలేదు. ఆదివారమంతా లాడ్జి గదిలో టీవీ చూస్తూ కూర్చున్నాను. అన్నం సయించలేదు. సోమవారం మధ్యాహ్నం వేరే వాళ్ళ ఫోన్ నుంచి మాట్లాడింది, పడవలో బయటికి వచ్చేశామని. అప్పుడు గదిలో ఉండబుద్ధి కాలేదు. ఒక గొడుగు కొనుక్కుని కోట వైపు నడిచాను.

పదేళ్ళలో అటు నడిచి వెళ్ళడం అదే మొదలు. ఆటోలో వెళ్ళేటప్పుడు కోట గుమ్మం దగ్గర బండి అటొకసారి ఇటొకసారి తిరుగుతుంది. ఇరుకు రోడ్డు కాబోలు అనుకునేవాణ్ణి. ఆ రోజు ఆ మలుపులో నిలబడి గోడ వైపు చూస్తుంటే, బర్రెల్ని తోలుకెళ్తున్న పెద్దాయన ఒకాయన ఆగాడు. "ఏనుగులు ఉరికొస్తే ఆగాలె గద బిడ్డా, అందుకే వంకర వెట్టిన్రు" అని చెప్పి బర్రెల వెనకే పోయాడు. ఎన్నిసార్లు ఆ మలుపులో ఆటో వాడికి చిల్లర లెక్కపెడుతూ దాటిపోయానో.

బయట మట్టికోట, లోపల రాతికోట, వాటిని చుట్టి అగడ్త. రాతికోట గణపతిదేవుడు మొదలుపెడితే రుద్రమదేవి పూర్తి చేసింది. మామూలు రోజుల్లో అగడ్తని పట్టించుకోం, గడ్డీ తుమ్మలూ తప్ప ఏమీ కనపడవు. ఆ రోజు నీళ్ళు నిండి, గోడ నీడ నీళ్ళలో కదులుతుంటే, దీన్ని దాటి లోపలికి రావడం ఎంత కష్టమో అప్పుడు అర్థమైంది. రాతి గోడకి లోపలి వైపు మెట్లున్నాయి. పాచి పట్టి జారుతున్నాయి, చెయ్యి ఆన్చి మెల్లగా ఎక్కాను. పైనుంచి చూస్తే కోటలో ఇళ్ళు, బడి, వరి పొలం. 1323లో ఢిల్లీ సైన్యాలు ప్రతాపరుద్రుణ్ణి పట్టుకుపోయిన ఊరు అది. ఇప్పుడు ఎవరో ఆడావిడ వాన తెరిపిచ్చిందని దండెం మీద బట్టలు ఆరేస్తోంది.

ఇక తోరణాలు. నాలుగు దిక్కులా నాలుగు, మధ్యలో కూలిపోయిన స్వయంభూ శివాలయం రాళ్ళు. నేను ఎప్పుడూ ఒక తోరణం దగ్గర ఫొటో తీసుకుని వచ్చేసేవాణ్ణి. ఆ రోజు నాలుగింటి కిందా నిలబడ్డాను. పైన రాతిలో చెక్కిన తామర మొగ్గలు కిందికి వేలాడుతుంటాయి. వాన నీరు ఒక్కో మొగ్గ చివర చేరి, బరువెక్కి, చుక్కగా రాలుతోంది. ఒకటి రాలి ఇంకొకటి తయారయ్యేలోపు పక్క మొగ్గది రాలుతోంది. ఎంతసేపు చూశానో తెలియదు. వాన మళ్ళీ అందుకుంటే కోటలోనే ఉన్న పాత కట్టడం ఖుష్ మహల్లోకి పరిగెత్తాను.

అక్కడ కూర్చున్నప్పుడు మోటుపల్లి శాసనం గుర్తొచ్చింది. బాపట్ల జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న మోటుపల్లిలో గణపతిదేవుడు 1244లో వేయించాడు. తుఫానులో ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకుని వెనకటి రాజులు లాగేసుకునేవారు. తాను అలా చేయనని, సుంకం తప్ప ఏమీ ముట్టుకోనని వర్తకులకి అభయమిచ్చాడు. సరుకు కోసం వచ్చి వరదలో చిక్కుకున్న నాకు ఆ మాట ఆ పూట ఎంత దగ్గరగా తగిలిందో చెప్పలేను. మన తుళ్ళూరు మండలం మల్కాపురంలో కూడా 1261 నాటి కాకతీయుల శాసనం ఉంది. మందడం ఊరిని దానమివ్వడం, ఆసుపత్రి, ప్రసూతిశాల సంగతులు అందులో ఉన్నాయి. గణపతిదేవుడి రాణులు నారమ, పేరమ మన కృష్ణా తీరం దివిసీమ ఆడపడుచులే. అంటే ఈ దారిన మనవాళ్ళ రాకపోకలు రైలు కంటే చాలా పాతవి. ఓరుగల్లు నాకు పరాయి ఊరని ఆ తర్వాత ఎప్పుడూ అనిపించలేదు.

మంగళవారం కూడా అక్కడే గడిచింది. ఆ వారం మధ్యలో పట్టాలు సరిచేశారు, గురువారం బయల్దేరాను. కేసముద్రం దగ్గర ఆ చోటు దాటేటప్పుడు బండి నడకలా పోయింది. పెట్టెలో ఎవరూ మాట్లాడలేదు, అందరి చూపూ కిటికీలోంచి కింద కొత్తగా పోసిన కంకర మీదే.

కాబట్టి నా పాత మాట కొంచెం సవరించుకుంటున్నాను. ఒక్క పూటలో తోరణాలు చూడొచ్చు, కోట చూడలేం. దగ్గరగా ఉంది కదా అని గంటలో చుట్టి రావడమే నేను చేసిన పొరపాటు. హనుమకొండ వెళ్ళి 1163 నాటి వేయి స్తంభాల గుడి కూడా చూడాలంటే ఒక పూట అసలే సరిపోదు. కిటికీ సీటుని కూడా ఇదివరకు బాగా పొగిడాను. ఎండాకాలం మధిర దాటాక అదే కిటికీ నుంచి నిప్పుల గాలి కొడుతుంది, వానాకాలం షట్టర్ సరిగ్గా దిగకపోతే ఒళ్ళంతా తడుస్తుంది. నాకు తెల్లవారుజామున లేవడం అలవాటు, ఒంటరిగా పోతాను, మోకాళ్ళు ఇంకా బాగానే ఉన్నాయి. చంటిపిల్లలతోనో పెద్దవాళ్ళతోనో వెళ్ళేవాళ్ళు ఏసీ పెట్టె తీసుకుని, రాత్రికి అక్కడే ఆగే ఏర్పాటు చేసుకుంటే నయం. 2025 మేలో కొత్త రూపు ఇచ్చాక స్టేషన్ అయితే బాగుంది, ముఖద్వారం మీద కాకతీయుల పోలికలే.

నేను చిక్కుకుపోయిన ఊరేదో చూడాలని మా అక్క అప్పటినుంచి అడుగుతోంది. సంక్రాంతి వెళ్ళాక నాలుగు టికెట్లు తీశాను, తిరుగు టికెట్లు మర్నాడు సాయంత్రం బండికి.